కృప ఉండగా ధర్మశాస్త్రం దేనికి?

మీ ప్రశ్నలో నాకు మూడు ముడులు కనిపించాయి. ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు, రద్దయిందని ఒక బోధకుడు, పది ఆజ్ఞలు నేటికీ పాటించవలసిందేనని మరొక బోధకుడు చెబుతుంటే ఎవరి మాట నమ్మాలన్నది మొదటిది. దేవుడు పాపాన్ని ఉచితంగా క్షమించేటప్పుడు ఆజ్ఞలతో ఇక పనేమిటన్నది రెండవది. క్షమాపణ దొరుకుతుందని ముందే తెలిసినవాడు పాపం చేయడానికి ఎందుకు వెనుకాడాలన్నది మూడవది. చివరలో ఒకే ఒక్క వాక్యంలో, ఉందో లేదో అన్నట్లుగా, "ఒకే పాపాన్ని మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటున్నాను, నాకు కృప వర్తిస్తుందా?" అని కూడా అడిగారు. మిగతా మూడింటినీ దీని కోసమే అడిగారేమో అనిపించింది కనుక దీనికీ జవాబు రాస్తాను.

ముందు సూటి జవాబు. పాపం ఏదో చెప్పడం ధర్మశాస్త్రం పని. పాపిని విడిపించడం కృప పని. ఈ రెండింటికీ మధ్య పోటీ లేదు. ఒకదాని పనిని మరొకదానికి అప్పగించినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆజ్ఞలు పాటించి దేవుని దగ్గర అంగీకారం సంపాదించుకోబోయినవాడు నిరాశలోనో, డాంబికంలోనో పడతాడు. కృపను అడ్డుపెట్టుకొని ధర్మశాస్త్రం నోరు మూయించబోయినవాడికి తాను దేని నుండి రక్షింపబడ్డాడో చెప్పడానికి మాట మిగలదు. కాబట్టి మీరు విన్న ఇద్దరు బోధకుల్లోనూ సగం నిజం ఉంది. ధర్మశాస్త్రం రక్షణ మార్గం కాదన్నంత వరకు మొదటివారి మాట సరైనది. దేవుని చిత్తం మారలేదన్నంత వరకు రెండవవారి మాట సరైనది.

నేను 32 ఏళ్ళు సంఘకాపరిగా పనిచేశాను. అందులో 11 ఏళ్ళు సేవకు సిద్ధపడే విద్యార్థులకు రోమా పత్రిక బోధించాను. కింద రాసేది ఆ రెండు పనుల్లో నేను చూసినదాన్ని బట్టి రాస్తున్నది. నేను ప్రొటెస్టెంటు సంప్రదాయానికి చెందినవాడిని కనుక ఆ మొగ్గు నా మాటల్లో ఉంటుంది. ఇతర సంప్రదాయాలు ఎక్కడ వేరుగా చెబుతాయో తరువాత చెబుతాను.

మొదట పాపం అనే మాట సంగతి. మనం దాన్ని చెడ్డపనుల జాబితాగా అనుకుంటాం. హెబ్రీ బైబిలులో దానికి ముఖ్యంగా మూడు మాటలున్నాయి. ఖత్తాత్ అంటే గురి తప్పడం. న్యాయాధిపతుల గ్రంథం 20:16లో ఏడు వందల మంది ఎడమచేతి వాటపు బెన్యామీనీయులు వెంట్రుక మీదికైనా గురి తప్పకుండా వడిసెలతో రాయి విసరగలరని చెప్పే చోట వాడిన క్రియ ఈ మాటకు మూలమైనదే. పెషా అంటే తిరుగుబాటు, అంటే రాజు మీద సామంతుడు ఎదురుతిరగడం లాంటిది. ఆవోన్ అంటే వంకర, వంకరతనం, దాని వల్ల మీద పడే దోషభారం. 51వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఈ మూడూ కనిపిస్తాయి. అంటే పాపం ఒక్క పనితో ముగిసేది కాదు. చేరవలసిన చోటికి చేరకపోవడం, అధికారాన్ని ధిక్కరించడం, మనిషి స్వభావమే వంగిపోయి ఉండడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. కొత్త నిబంధనలో యోహాను "ఆజ్ఞాతిక్రమమే పాపము" అని ఒక్క మాటలో నిర్వచించాడు (1 యోహాను 3:4). అయితే అక్కడి గ్రీకు మాట అనోమియాకు ఒక ఆజ్ఞ మీరడం కంటే విస్తృతమైన అర్థం ఉంది. దేవుని చట్టమే లేనట్లు బతకడం అని దాని భావం.

అదే 51వ కీర్తనలో నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన మాట ఒకటి ఉంది. దావీదు బత్షెబ విషయంలో పాపం చేశాడు, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు. అయినా "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని దేవునితో అంటాడు. మరి ఊరియా మాటేమిటి? ఈ ప్రశ్న వేసిన విద్యార్థులకు మొదట్లో సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత అర్థమైంది, ఊరియాకు జరిగిన అన్యాయాన్ని దావీదు తక్కువ చేయడం లేదు. ఊరియా ప్రాణానికి విలువ కట్టినవాడు దేవుడు, చంపకూడదన్నవాడూ ఆయనే. కనుక ఊరియాను కొట్టిన దెబ్బ దేవుని వరకు వెళ్ళింది. క్రైస్తవ బోధలో తప్పుకూ పాపానికీ తేడా ఇక్కడే ఉంది. తప్పు మనిషికీ మనిషికీ మధ్య జరుగుతుంది. దాని వెనుక దేవుడున్నాడని చూసినప్పుడు దానినే పాపమంటాం. దేవుని ప్రస్తావన తీసేస్తే నేరం, పొరపాటు, దుర్గుణం అన్న మాటలు మిగులుతాయి కానీ పాపం అన్న మాటకు అర్థం ఉండదు.

ఇక ధర్మశాస్త్రం. తెలుగులో ఈ మాట వినగానే శిక్షాస్మృతి వంటిదేదో మనసులో మెదులుతుంది. హెబ్రీలో తోరా అంటే ఉపదేశం, దారి చూపడం. యూదు సంప్రదాయం అందులో 613 ఆజ్ఞలను లెక్కపెట్టినా, తోరాలో కథలున్నాయి, వాగ్దానాలున్నాయి, పాటలు కూడా ఉన్నాయి. దానిని భారంగా కాక ఆనందంగా చూసినవారు రాసిన 119వ కీర్తన 176 వచనాలతో కీర్తనలన్నిటిలోనూ పొడవైనది. ధర్మశాస్త్రాన్ని ప్రేమిస్తున్నానని అంతసేపు పాడినవాడిని కేవలం శిక్షకు భయపడినవాడిగా ఊహించుకోవడం కష్టం.

దీనికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పది ఆజ్ఞలు ఎక్కడ మొదలవుతాయని తరగతిలో అడిగితే "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్న చోట అని దాదాపు అందరూ చెప్పేవారు. నిర్గమకాండం 20వ అధ్యాయం తెరిస్తే దానికి ముందు మరో వాక్యం ఉంది. దాసుల గృహమైన ఐగుప్తు దేశంలో నుండి నిన్ను రప్పించిన దేవుడను నేనే అని. యూదులు ఆ వాక్యాన్నే పది మాటల్లో మొదటిదిగా లెక్కిస్తారు. ఇశ్రాయేలీయులు ఆజ్ఞలు పాటించి విడుదల సంపాదించలేదు. ముందు సముద్రం దాటారు, తరువాత ఆజ్ఞలు అందుకున్న సీనాయి కొండ దగ్గరికి వచ్చారు. పాత నిబంధనలో కూడా విడుదలే ముందు, ఆజ్ఞ తరువాత. "పాత నిబంధన ధర్మశాస్త్రం, కొత్త నిబంధన కృప" అని రెండు పుస్తకాలుగా కోసి చెప్పేవారు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగితే చాలు. రెండవ శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు అలాగే కోశాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు, రోమా సంఘం అతణ్ణి వెలివేసింది. పేరు తెలియకుండానే అతని బోధను వల్లించే ప్రసంగాలు నేటికీ వింటుంటాను.

ధర్మశాస్త్రంలోనే క్షమాపణకు ఏర్పాటు ఉందన్న సంగతి కూడా చాలామంది గమనించరు. లేవీయకాండం 17:11లో బలిపీఠం మీది రక్తాన్ని ప్రాయశ్చిత్తం కోసం నేనే మీకు ఇచ్చానని దేవుడు అంటాడు. మనిషి దేవునికి లంచం ఇస్తున్నట్లు కనిపించే బలి కూడా దేవుడు ముందుగా ఇచ్చినదే.

మరి ఇంత మంచిదైన ధర్మశాస్త్రం ఎందుకు రక్షించలేదు? ఇక్కడ రోమా పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు చెప్పేది జాగ్రత్తగా చదవాలి. రోమా 3:20లో "ధర్మశాస్త్రమువలన పాపమనగా ఎట్టిదో తెలియబడుచున్నది" అంటాడు. తెలియడం వేరు, మానడం వేరు. 7వ అధ్యాయంలో ఇంకా ముందుకు వెళ్ళి, పాపం ఆజ్ఞను హేతువుగా చేసుకొని తనలో దురాశను పుట్టించిందంటాడు. ఇక్కడ హేతువని అనువదించిన గ్రీకు మాట సైన్యం దాడికి బయలుదేరే స్థావరానికి కూడా వాడేది. ఆజ్ఞ శత్రువు కాదు. శత్రువు వచ్చి దానిలో దండు దిగాడు. ప్రాచీన సంఘపు వేదాంతి అగస్టీను తన పదహారో ఏట స్నేహితులతో కలిసి పొరుగువారి చెట్టు పండ్లు దొంగిలించిన సంగతి తరువాత రాసుకున్నాడు. ఆకలి లేదు, అంతకంటే మంచి పండ్లు తన దగ్గరే ఉన్నాయి, దొంగిలించినవాటిలో ఎక్కువ భాగం పందులకు వేశారు. చేయకూడదు కనుకనే చేశామని, ఆ చేయకూడని తనమే రుచించిందని అతని ఒప్పుకోలు. రోమా 7ను విద్యార్థులకు వివరించడానికి నాకు దీనికి మించిన ఉదాహరణ దొరకలేదు. చాలామందికి అర్థమైనట్లే ఉండేది, ఎందుకంటే వివరణ ముగిసేసరికి ఎవరి చిన్ననాటి దొంగతనం వారికి గుర్తొచ్చి గది నిశ్శబ్దమయ్యేది.

ఇక్కడ ఒక అనువాదపు చిక్కు చెప్పాలి. గలతీ 3:24లో ధర్మశాస్త్రం మనకు "బాలశిక్షకుడాయెను" అని ఉంది. తెలుగు చదువరికి బెత్తం పట్టుకున్న పంతులు కనిపిస్తాడు. గ్రీకులో పైడగోగోస్ అంటే పంతులు కాదు. ఆనాటి సంపన్నుల ఇళ్ళలో కుర్రవాణ్ణి బడికి తీసుకువెళ్ళి, తీసుకువచ్చి, దారిలో నడవడిని కనిపెట్టి ఉండే దాసుడు అతడు. చదువు చెప్పేది వేరొకరు. కుర్రవాడు పెద్దవాడయ్యాక ఆ దాసుడి కాపలా ముగుస్తుంది. అయితే అతడు నేర్పిన మర్యాదలు అబద్ధమైపోవు. చేయి పట్టుకొని నడిపించేవాడి అవసరం తీరింది, అంతే. నాలుగవ అధ్యాయం మొదట్లో పౌలు వారసుడు, దాసుడు, కుమారత్వం అంటూ ఈ పోలికనే కొనసాగిస్తాడు. ఈ ఒక్క మాట సరిగా తెలిస్తే "ధర్మశాస్త్రం కింద లేము" అన్న మాటకూ "ధర్మశాస్త్రం చెడ్డది" అన్న మాటకూ ఎంత దూరం ఉందో అర్థమవుతుంది.

అలాంటిదే రోమా 10:4. క్రీస్తు ధర్మశాస్త్రానికి "సమాప్తి" అయ్యాడని మన అనువాదం. గ్రీకు మాట తెలోస్‌కు ముగింపు అనే అర్థమూ ఉంది, గమ్యం అనే అర్థమూ ఉంది. పరుగు పందెంలో గీత దగ్గర పరుగు ఆగుతుంది, కానీ పరుగంతా ఆ గీత కోసమే. రద్దయిందని చెప్పేవారు మొదటి అర్థాన్నే పట్టుకుంటారు. "నెరవేర్చుటకే గాని కొట్టివేయుటకు నేను రాలేదు" అని యేసు అన్న మాటను (మత్తయి 5:17) దాని పక్కన పెట్టి చదివితే రెండవ అర్థాన్ని విడిచిపెట్టడం కుదరదు. ఆ మాట తరువాత ఆయన ఆజ్ఞలను తేలిక చేయలేదు సరికదా, నరహత్యను కోపం వరకు, వ్యభిచారాన్ని చూపు వరకు తీసుకువెళ్ళాడు.

అయితే ఏ ఆజ్ఞలు నేటికీ వర్తిస్తాయి? ఇది న్యాయమైన ప్రశ్న. నైతిక విధులు, ఆరాధనా విధులు, ఇశ్రాయేలు దేశపు న్యాయవిధులు అని మూడుగా విభజించి, మొదటివి మాత్రమే నిలుస్తాయని 13వ శతాబ్దపు వేదాంతి తోమా అక్వినాసు నుండి 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టరు విశ్వాస ప్రకటన వరకు చాలామంది చెప్పారు. ఈ విభజన పనికివస్తుంది, నేనూ వాడతాను. కానీ ఇది బైబిలులోనే గీసి ఉన్న గీత కాదని ఒప్పుకోవాలి. లేవీయకాండం 19:18లో పొరుగువాణ్ణి నీవలె ప్రేమించమని ఉంది. వెంటనే 19వ వచనంలో రెండు రకాల దారాలతో నేసిన బట్ట కట్టవద్దని ఉంది. మధ్యలో హెచ్చరికేమీ లేదు. కొత్త నిబంధన ఈ చిక్కును ఒక సూత్రంతో కాక ఒక వ్యక్తితో విప్పుతుంది. క్రీస్తు దేనిని నెరవేర్చి ముగించాడో (బలులు, యాజకత్వం), దేనిని తన శిష్యులకు మళ్ళీ అప్పగించాడో చూడమంటుంది. యెరూషలేములో అపొస్తలులు కూడి (అపొస్తలుల కార్యములు 15) అన్యజనులకు సున్నతి అవసరం లేదని తీర్మానించినప్పుడు కూడా, వారిని విగ్రహాల నుండి, జారత్వం నుండి దూరంగా ఉండమనే చెప్పారు.

ఇప్పుడు కృప దగ్గరికి వద్దాం. గ్రీకులో ఖారిస్ అంటే దయ, ఉచితంగా ఇచ్చిన బహుమానం, దానికి కృతజ్ఞత కూడా. తెలుగు ప్రొటెస్టెంటులు కృప అంటారు, కతోలికులు జపాల్లో దేవవరప్రసాదం అంటారు. ఈ రెండు మాటల తేడాలోనే రెండు సంప్రదాయాల మొగ్గు కొంత వినిపిస్తుంది. కృప అన్నప్పుడు దేవుని మనసులోని దయ ముందు గుర్తుకొస్తుంది. వరప్రసాదం అన్నప్పుడు మనిషిలోకి వచ్చి పనిచేసే వరం గుర్తుకొస్తుంది. పౌలు రెండు అర్థాలూ వాడాడు.

కృప గురించి జరిగిన పెద్ద వివాదాల్లో మొదటిది అగస్టీనుకూ అదే కాలపు బోధకుడు పెలాగియసుకూ మధ్య జరిగింది. "నీవు ఆజ్ఞాపించేదాన్ని ముందు నాకు దయచేయి, తరువాత నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు" అని అగస్టీను చేసిన ప్రార్థన విని పెలాగియసుకు కోపం వచ్చింది. దేవుడు ఆజ్ఞాపించాడంటే చేయగల శక్తి మనిషికి ఉన్నట్లే కదా అని అతని వాదన. అది బొత్తిగా తెలివితక్కువ వాదన కాదు. నైతికంగా బద్ధకించినవారిని లేపాలన్న ఆరాటం అందులో ఉంది. కానీ అది నిజమైతే క్రీస్తు మంచి ఉదాహరణగా మిగులుతాడే తప్ప రక్షకుడు కాడు. 418లో కార్తేజి సభ పెలాగియసు బోధను ఖండించింది. 529లో ఆరెంజి సభ మరో అడుగు వేసి, విశ్వసించడానికి మొదటి కదలిక కూడా కృప వల్లనే కలుగుతుందని చెప్పింది. ఎఫెసీ 2:8–10ను ఒక్కసారిగా చదివితే ఈ వరుస కనిపిస్తుంది. కృపచేత రక్షణ, క్రియల వలన కాదు, అయినా సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డాము. తొమ్మిదవ వచనం దగ్గర ఆపేసేవారు చాలామంది. పదవది కూడా అదే వాక్యధారలో ఉంది.

మీ మూడవ ముడి ఇక్కడ విప్పవచ్చు. క్షమాపణ ఖాయమైనప్పుడు పాపం చేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న పౌలుకు ఎదురైంది కనుకనే రోమా 6 మొదలవుతుంది. మీ బోధ విన్నవారికి ఈ సందేహం ఒక్కసారైనా రాకపోతే మీరు బోధించింది బహుశా కృప కాదు అని నా విద్యార్థులకు చెప్పేవాడిని. పౌలు దానికి బెదిరింపుతో జవాబు చెప్పలేదు. కృప తగ్గిపోతుందని కూడా అనలేదు. పాపం విషయంలో చనిపోయిన మనం ఇక అందులో ఎలా జీవిస్తామని అడిగాడు. 14వ వచనంలో "మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనగువారు కారు గనుక పాపము మీ మీద ప్రభుత్వము చేయదు" అన్నాడు. ఇక్కడ "గనుక" అన్న మాట మీద కాస్త ఆగండి. మనమైతే కృప కింద ఉన్నారు గనుక పాపం చేసినా ఫరవాలేదని అనుకుంటాం. అతడు కృప కింద ఉన్నారు గనుకనే పాపం ఇక యజమాని కాదంటున్నాడు. చెరసాల తలుపు తెరిచినవాడిని "తలుపు తెరిచావు గనుక లోపలే ఉండవచ్చా?" అని అడిగితే ఎలా ఉంటుందో మీ ప్రశ్న పౌలుకు అలాగే వినిపించి ఉంటుంది.

ఈ సందేహం సిద్ధాంతంగానూ రూపుదాల్చింది. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కరణను ఆరంభించిన లూథరు శిష్యుల్లో ఒకడైన యోహాను అగ్రికోలా, పశ్చాత్తాపాన్ని సువార్త ద్వారా మాత్రమే బోధించాలి, ధర్మశాస్త్రానికి ప్రసంగ వేదిక మీద చోటు లేదని వాదించాడు. ధర్మశాస్త్రం రక్షించలేదని జీవితమంతా చెప్పిన లూథరే 1537 నుండి అతనికి వ్యతిరేకంగా వరుసగా వాదప్రతిపాదనలు రాశాడు. ధర్మశాస్త్రం పోతే పాపమూ తెలియదు, పాపం తెలియకపోతే క్రీస్తు ఎందుకో కూడా తెలియదని అతని బాధ. 20వ శతాబ్దంలో జర్మను వేదాంతి డీట్రిఖ్ బోన్‌హోఫర్ పశ్చాత్తాపం కోరని క్షమాపణను "చౌక కృప" అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎంత వాడుకలోకి వచ్చిందంటే, కృప గురించి ఏం మాట్లాడినా చౌక కృపేనని అనుమానించేవారు కూడా తయారయ్యారు. అది మరో అతి.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. ఉమ్మడి వ్యాపారంలో సొంత తమ్ముడి వాటా నుండి ఏళ్ళ తరబడి డబ్బు మళ్ళించుకున్నాడు. ఒకరోజు కన్నీళ్ళతో వచ్చి, దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను, మీరు కూడా ప్రార్థించండి అన్నాడు. తమ్ముడికి చెప్పారా అని అడిగాను. "దేవుడే క్షమించాక అతనికి చెప్పి కుటుంబంలో కలతలు రేపడం ఎందుకు?" అన్నాడు. నేను వెంటనే ప్రార్థించలేదు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చదివి వినిపించాను. అక్కడ వరుస చూడండి. జక్కయ్య డబ్బు తిరిగి ఇచ్చాక యేసు అతని ఇంటికి వెళ్ళలేదు. నేడు నీ ఇంట నేనుండాలని యేసు ముందే అన్నాడు. కృప ముందు వచ్చింది. ఆ తరువాత జక్కయ్య లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ నాలుగు అన్న అంకె గాలిలో నుండి రాలేదు. దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండం 22:1లో ఉంది. తానే ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోతుందని సంఖ్యాకాండం 5:7 చెబుతున్నా, అతడు కఠినమైన లెక్కనే ఎంచుకున్నాడు. కృప అతని మనసును కదిలించింది, ధర్మశాస్త్రం ఆ మనసుకు కొలత ఇచ్చింది. ఈ ప్రశ్న గురించి నాకు తెలిసినదంతా ఈ ఒక్క కథలో ఉంది. ఆ పెద్దమనిషి నాలుగు నెలల తరువాత తమ్ముడికి చెప్పాడు. కలతలు రేగిన మాట నిజమే. తమ్ముడు రెండేళ్ళు మాట్లాడలేదు. క్షమాపణ పర్యవసానాలను చెరిపేస్తుందని నేను అతనికి ముందే మాట ఇవ్వలేదు, మీకూ ఇవ్వను.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మనుషులూ ఉన్నారు, నా అనుభవంలో వారే ఎక్కువ. ఒకామె ప్రతి వారం ఒక కాగితం తెచ్చేవారు. ఆ వారం చేసిన పాపాలు సంఖ్యలు వేసి రాసేవారు. కొన్ని పాపాలు కావు, కొన్ని కేవలం తలపులు, కొన్ని పదేళ్ళ కిందటివి, నూరుసార్లు ఒప్పుకున్నవి. లూథరు కూడా సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకొని తన గురువు ష్టౌపిట్సును విసిగించాడు. ఆమెకు మరిన్ని ఆజ్ఞలు బోధించడం గాయం మీద కొట్టడమే అయ్యేది. ధర్మశాస్త్రం ఆమె విషయంలో తన పని ఎప్పుడో ముగించింది. ఆమె మాత్రం దానిని వదలలేదు. చివరికి నేను చేసిన పని ఆ కాగితం తీసుకోవడం మానేయడం. ఒక్క మాట హెచ్చరికగా చెబుతాను. ఈ లెక్కలు నిద్రను, భోజనాన్ని, పనిని పాడుచేసే స్థాయికి చేరితే అది వేదాంత ప్రశ్న మాత్రమే కాదు. ఆలోచనల చక్రం నుండి మనసు బయటికి రాలేని జబ్బు ఒకటి ఉంది, అది భక్తి వేషం కూడా వేసుకుంటుంది. దానికి వైద్యం ఉంది. ఆమెను వైద్యుని దగ్గరికి పంపడంలో నేను ఏడాది ఆలస్యం చేశాను, అది నా తప్పు.

సంప్రదాయాల తేడాలు క్లుప్తంగా చెబుతాను. లూథరను వారు ధర్మశాస్త్రం పాపిని నిలదీయడాన్ని ముందుకు తెస్తారు. మరో సంస్కర్త కాల్విను మాత్రం విశ్వాసికి దారి చూపడమే దాని ముఖ్యమైన ఉపయోగమన్నాడు. 1563 నాటి హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి మన దుస్థితి ధర్మశాస్త్రం వల్లనే తెలుస్తుందని మొదట్లో చెప్పి, పది ఆజ్ఞల వివరణను మాత్రం చివరి భాగమైన కృతజ్ఞత కింద పెట్టింది. ఆ అమరిక నాకెంతో నచ్చుతుంది. కతోలిక సంఘం 1547లో త్రెంతు సభలో, కృప మనిషిని నీతిమంతుడని ప్రకటించడంతో ఆగక లోపల నిజంగా నీతిమంతునిగా చేస్తుందని, మనిషి ఆ కృపతో సహకరించాలని చెప్పింది. కతోలికులు, లూథరను వారు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసి, మన అర్హత వల్ల కాక క్రీస్తునందలి విశ్వాసంలో కృప చేతనే దేవుడు మనలను అంగీకరిస్తాడని కలిసి ఒప్పుకున్నారు. తూర్పు ఆర్థొడాక్సు సంఘాలు న్యాయస్థానపు భాష కంటే వైద్యశాల భాషను ఇష్టపడతాయి. పాపం వ్యాధి, కృప దేవుని జీవంలో పాలు పొందడం అని వారి మాట.

ఇక మీరు దాచినట్లు అడిగిన మాట. ఒకే పాపాన్ని మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటున్న మీకు కృప వర్తిస్తుందా? వర్తిస్తుంది. మీరు ఆ పాపంతో పోరాడుతున్నారా, దానితో సంధి చేసుకున్నారా అన్నది మాత్రం మిమ్మల్ని మీరు అడగాలి. పడిపోయి లేచేవాడూ, అక్కడే పక్క వేసుకున్నవాడూ ఒకటి కాదు. పోరాడుతున్నట్లయితే ఇంతవరకు ఒంటరిగా ఒప్పుకున్నది చాలు, ఇక ఒక నమ్మకమైన మనిషి ముందు ఒప్పుకోండి. యాకోబు 5:16 అందుకే ఉంది. ఆ పాపం వల్ల నష్టపోయిన మనిషి ఎవరైనా ఉంటే జక్కయ్య లెక్క గుర్తుంచుకోండి. ఆ పాపం ఒక వ్యసనమైతే ప్రార్థనతో పాటు చికిత్స కూడా తీసుకోండి.

చదవడానికి ఏదైనా చెప్పమన్నారు కదా. రోమా 5:12 నుండి 8:4 వరకు ఒకే విడతలో, అధ్యాయాల అంకెలను పట్టించుకోకుండా చదవండి. ఆ అంకెలు పౌలు వేసినవి కావు, 13వ శతాబ్దంలో వచ్చి చేరాయి. వాటివల్లనే చాలామంది ఏడవ అధ్యాయం చివర, "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" అన్న మాట దగ్గర పుస్తకం మూసేస్తారు. మీరు ఇంకో నాలుగైదు వచనాలు ముందుకు వెళ్ళండి. ధర్మశాస్త్రం కోరిన నీతి, ఆత్మను అనుసరించి నడుచుకొనే మనలో నెరవేరాలనే దేవుడు తన కుమారుణ్ణి పంపాడని 8:4 దగ్గర కనిపిస్తుంది. ధర్మశాస్త్రం, పాపం, కృప గురించి పౌలు చెబుతూ వచ్చినదంతా ఒకచోటికి చేరేది అక్కడే.